స్తంభమెక్కే చేతికి పర్మిట్ ఏది?

మన పల్లెల్లో కరెంటు పని చేసేవారికి కొరత లేదు. ఊరికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. కొత్తిల్లు కట్టినా, బోరు వేసినా, పెళ్లిపందిరికి దీపాలు కట్టాలన్నా, జాతరకు మైకు పెట్టాలన్నా కబురు వారికే వెళుతుంది. అర్ధరాత్రి మోటారు ఆగిపోతే రైతు తట్టేది వారి తలుపే. వారిలో చేతివాటం ఉన్నవారు చాలామంది. కాని ఆ పని చేయడానికి ప్రభుత్వం ఇవ్వవలసిన పర్మిట్ మాత్రం వారిలో చాలామంది దగ్గర లేదు.

పని వచ్చినప్పుడు కాగితం ఎందుకని పల్లెల్లో అడుగుతారు. పైకి సబబుగా తోచే ప్రశ్నే ఇది. కాని ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పుకోనందువల్లనే ఏటా ఎన్నో కొంపలు కూలుతున్నాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం మన దేశంలో కరెంటు షాకుతో ఏటా పది వేలమందికి పైగా చనిపోతున్నారు. వారిలో పొలంలో స్టార్టరు డబ్బా ముట్టుకున్న రైతులున్నారు. తడిబట్టలు ఆరవేయబోయిన ఇల్లాళ్లున్నారు. ఎవరో పిలిస్తే పోయి స్తంభమెక్కిన కుర్రవాళ్లున్నారు. పిడుగు పడి చనిపోతే విధి అనుకోవచ్చు. కరెంటు చావుల్లో చాలావాటికి మాత్రం కారణం ఎక్కడో ఒక చోట మనిషి చేసిన పనిలోనో, చేయకుండా వదిలేసిన పనిలోనో ఉంటుంది.

చట్టం ఏమంటున్నది?

1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 45వ నిబంధన ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. వైరింగు పనిని ప్రభుత్వ లైసెన్సు పొందిన కాంట్రాక్టరే చేయించాలి. అర్హత పత్రం ఉన్న సూపర్‌వైజరు స్వయంగా దగ్గరుండి చూడాలి. చేతితో పని చేసేవాడికి పర్మిట్ ఉండాలి. 2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో ఒకసారి, 2023లో మరోసారి భద్రతా నిబంధనలను తిరగరాసింది. ఎన్నిసార్లు తిరగరాసినా ఈ మూడు మాటలు మాత్రం మారలేదు.

అలాగని చట్టం మరీ మొండిది కాదు. బల్బు మార్చుకోవడం, ఫ్యాను మార్చుకోవడం, ఇంట్లో ఫ్యూజు వేసుకోవడం, పాడైన స్విచ్చి స్థానంలో అటువంటిదే మరొకటి బిగించుకోవడం వంటి చిన్న పనులకు ఈ నిబంధన అడ్డు రాదు. కొత్త లైను లాగినా, ఉన్న వైరింగును పెంచినా, మార్చినా, బాగు చేసినా పర్మిట్ కావాలి. కత్తెర పట్టిన ప్రతివాడికీ చట్టం లైసెన్సు అడగడం లేదు. దర్జీ పని చెడితే చెడేది ఒక చొక్కా. వైరింగు చెడితే ఆ ఇంట్లో ఉన్నవారందరి ప్రాణాలకూ ముప్పు. అందుకే ఈ పనికి మాత్రం పర్మిట్ అడుగుతున్నది.

ఊళ్లో జరుగుతున్నదేమిటి?

అనంతపురం జిల్లాలో ఏ మండలానికి వెళ్లినా ఎలక్ట్రీషియన్లు మూడు రకాలుగా కనిపిస్తారు. మొదటి రకం ఐ.టి.ఐ.లో రెండేళ్లు చదివి సర్టిఫికెట్ తెచ్చుకున్న కుర్రవాళ్లు. సర్టిఫికెట్ పెట్టెలో ఉంటుంది. చేతికి మాత్రం ధైర్యం చాలదు. మోటారు విప్పమంటే వెనుకాడతారు. రెండో రకం మేస్త్రీ వెనుక ఐదారేళ్లు తిరిగి, తిట్లు తిని, షాకులు తిని పని నేర్చుకున్నవారు. చెవి ఆనించి మోటారు జబ్బు చెప్పగలరు. వీరిలో పదో తరగతి దాటనివారే ఎక్కువ. కాగితం ఒక్కటీ ఉండదు. మూడో రకం లైసెన్సు ఉండి, పని దగ్గరికి రాకుండా సంతకం మాత్రం అద్దెకిచ్చేవారు. అందరు కాంట్రాక్టర్లూ అటువంటివారని కాదు. పని దగ్గర నిలబడి చేయించే కాంట్రాక్టర్లు జిల్లాలో ఉన్నారు. అద్దె సంతకాల వల్ల వారికీ చెడ్డ పేరు వస్తున్నది.

చదివినవాడికి పని చాలదు, పని వచ్చినవాడికి కాగితం లేదు, కాగితం ఉన్నవాడు పని దగ్గర ఉండడు. మన పల్లెల కరెంటు కథ మొత్తం ఇదే. చట్టం ఒకచోట కలిపి ఉంచమన్న ముగ్గురూ మూడు దిక్కుల్లో ఉన్నారు.

బల్బు వెలిగితే వైరింగు బాగున్నట్టేనా?

మేస్త్రీ దగ్గర నేర్చుకున్న పనిని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చేతికి అలవాటైన విద్యను మించినది లేదు. కాని కరెంటు పనిలో ఒక చిక్కుంది. తప్పు చేసినా బల్బు వెలుగుతుంది, మోటారు తిరుగుతుంది. వడ్రంగి తప్పు చేస్తే తలుపు పట్టదు, వెంటనే తెలిసిపోతుంది. కరెంటు పనిలో తప్పు ఏళ్ల తరబడి గోడలో దాగి ఉండి ఒకనాడు ప్రాణం తీసి బయటపడుతుంది. కొన్ని ఉదాహరణలు చూద్దాం.

స్విచ్చి ఎప్పుడూ ఫేజు తీగ మీద ఉండాలి. న్యూట్రల్ మీద పెట్టినా బల్బు వెలుగుతుంది, ఆరుతుంది. ఇంటివారికి ఏ తేడా కనిపించదు. స్విచ్చి ఆపినా హోల్డరు వరకు కరెంటు వచ్చి నిలబడే ఉంటుంది. బల్బు ఆరింది కదా అని హోల్డరు విప్పబోయినవాడికి 230 వోల్టుల దెబ్బ తగులుతుంది. ఒక తీగ అటూ ఇటూ అయినందుకు ఇంత జరుగుతుంది.

ఇక ఎర్తు సంగతి. ఉమ్మడి అనంతపురం జిల్లా ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నేల సంవత్సరంలో ఎక్కువ కాలం ఎండి ఉంటుంది. ఎండిన నేల కరెంటును తనలోకి తేలికగా తీసుకోదు. అందుకే మన జిల్లాలో ఎర్తు గుంత మీద మరింత శ్రద్ధ పెట్టాలి. 40 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవు గల జి.ఐ. పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, పైన నీళ్లు పోసే గరాటు పెట్టాలని పుస్తకం చెబుతుంది. వేసవిలో ఆ గుంతకు నీళ్లు పోస్తుండాలి. జరుగుతున్నదేమిటి? బోరు పక్కన మూరెడు ఇనుప కడ్డీ దిగ్గొట్టి దానికొక తీగ చుడుతున్నారు. అది కంటికి ఎర్తులాగే కనిపిస్తుంది. మోటారు కూడా తిరుగుతుంది. ఒకనాడు లోపల తీగ పై పొర చెడి స్టార్టరు డబ్బాకు కరెంటు పాకుతుంది. ఆ రాత్రి చీనీ తోటకు నీళ్లు కట్టడానికి తడి కాళ్లతో వచ్చిన రైతు డబ్బా మీద చెయ్యి వేస్తాడు. నేలలోకి పోవలసిన కరెంటు ఆ రైతు ఒంట్లోంచి పోతుంది. ఎర్తు నిజంగా పని చేస్తున్నదో లేదో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఎర్తు టెస్టరుతో కొలవాలి. ఆ పరికరాన్ని చేతపట్టని మేస్త్రీలు మన పల్లెల్లో ఎందరున్నారో లెక్క తీయనక్కరలేదు.

మరో పెద్ద అపోహ ఎం.సి.బి. గురించి. కొత్త ఇళ్లలో ఎం.సి.బి. పెట్టించి ఇక షాకు భయం లేదనుకుంటున్నారు. ఎం.సి.బి. కాపాడేది తీగను, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. పడిపోవాలంటే అంతకు మించిన కరెంటు ప్రవహించాలి. మనిషి గుండె ఆగిపోవడానికి ఒక ఆంపియరులో పదో వంతు చాలు. అంటే మనిషి చనిపోయినా ఎం.సి.బి. కదలదు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అనే మరో పరికరం. వెళ్లిన కరెంటుకు, తిరిగి వచ్చిన కరెంటుకు 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనిపిస్తే చాలు, అది క్షణంలో పడిపోతుంది. ఈ రెండింటి తేడా ఇంటి యజమానికి తెలియకపోతే తప్పు లేదు. వైరింగు చేసేవాడికి తెలియకపోతే అది నేరమే.

చేతితో నేర్చిన విద్య ఎలా చేయాలో చెబుతుంది. ఎందుకు అలా చేయాలో, సరిగా చేశామో లేదో ఎలా కొలవాలో శిక్షణ చెబుతుంది. పర్మిట్ ఇచ్చే ముందు పరీక్షించవలసింది ఈ రెండో విద్యను. పర్మిట్ విలువ అక్కడే ఉంది.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర చావులు

ఇంటి వైరింగు కంటే పెద్ద ప్రమాదం పొలాల్లోని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ఉంది. ఫ్యూజు పోయింది. పైరు ఎండుతున్నది. లైన్‌మన్‌కు నాలుగైదు ఊళ్లు ఉన్నాయి, ఎప్పుడు వస్తాడో తెలియదు. రైతులు ఊళ్లోని కుర్రవాడిని పిలుస్తారు. లేదా తామే ఎ.బి. స్విచ్చి లాగి ఫ్యూజు వేయబోతారు. ఆ స్విచ్చికి మూడు బ్లేడ్లుంటాయి. తుప్పు పట్టి, అరిగిపోయి ఉన్న స్విచ్చిలో హ్యాండిలు కిందికి దిగినా ఒక బ్లేడు పైననే పట్టుకుని ఉండిపోవచ్చు. కింద ఉన్నవాడు మూడూ విడిపోయాయనుకుంటాడు. పైన ఉన్నది 11 వేల వోల్టులు. ముట్టుకోనక్కరలేదు, దగ్గరికి పోతేనే లాగేస్తుంది.

శిక్షణ పొందినవాడు ముందు తల ఎత్తి మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో చూస్తాడు. సబ్‌స్టేషను నుంచి లైన్ క్లియర్ తీసుకుంటాడు. లైనులో కరెంటు లేదని పరీక్షించి, రెండు వైపులా ఎర్తు గొలుసులు తగిలించి, ఆ తరువాతనే చెయ్యి పెడతాడు. ఎవరింట్లోనో జనరేటరు నడుస్తుంటే ఆపిన లైనులోకి కూడా కరెంటు వెనుక నుంచి రావచ్చునని అతనికి తెలుసు. నడుముకు బెల్టు, చేతికి తొడుగులు లేకుండా ఎక్కడు. ఊరి కుర్రవాడికి ఇవేవీ ఎవరూ చెప్పలేదు. కటింగు ప్లయరు, ధైర్యం, ఈ రెండే అతని సామగ్రి.

కొన్నిచోట్ల లైన్‌మన్లే ప్రైవేటు కుర్రవాళ్లను వెంట తిప్పుకుని స్తంభాలెక్కిస్తున్నారన్న సంగతి ఊళ్లలో అందరికీ తెలుసు. సిబ్బంది చాలరు, పని ఎక్కువ. ఆ ఇబ్బంది నిజమే. అయితే ఆ కుర్రవాడు పై నుంచి పడితే అతడు ఎవరి మనిషి? విద్యుత్ సంస్థ రికార్డులో అతని పేరు ఉండదు. కాంట్రాక్టరు దగ్గర ఉండదు. 2003 చట్టం ప్రకారం ప్రమాదం జరిగితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు సమాచారం వెళ్లాలి, విచారణ జరగాలి. ఆ విచారణలో ముందుగా వచ్చే ప్రశ్న, ఇతడికి ఈ పని చేసే అధికారం ఎక్కడిది అన్నదే. పర్మిట్ లేనివాడు ప్రాణం పోగొట్టుకున్నా తప్పు అతనిదే అయి కూర్చుంటుంది. తల్లిదండ్రులు పరిహారం కోసం కార్యాలయాల చుట్టూ తిరగాలి. ఊరందరి మేలు కోసం స్తంభమెక్కినవాడికి చివరికి ఎవరూ బాధ్యులు కాకుండా పోతున్నారు. ఇది అన్యాయం.

పర్మిట్ ఉంటే చావు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాని పర్మిట్ ఉన్నవాడికి పేరుంటుంది, నంబరుంటుంది, అతని వెనుక సూపర్‌వైజరు, కాంట్రాక్టరు ఉంటారు. తప్పు చేస్తే అడగవచ్చు. దెబ్బ తగిలితే అతడి తరఫున అడగవచ్చు. అంతేకాదు, లైను మీద పని నీది కాదు అని చెప్పే హద్దు కూడా ఆ పర్మిట్‌లోనే ఉంది. ఇంటి వైరింగు పర్మిట్ ఉన్నంత మాత్రాన విద్యుత్ సంస్థ లైను ముట్టుకునే హక్కు రాదు.

దారులు ఏమున్నాయి?

ఈ విద్యలో పైకి రావాలనుకునే యువకులు ముందుగా ఒక భేదం తెలుసుకోవాలి. చదువు సర్టిఫికెట్ వేరు, పని పర్మిట్ వేరు. ఐ.టి.ఐ. ఇచ్చేది నువ్వు నేర్చుకున్నావనే సర్టిఫికెట్. అది దేశమంతటా చెల్లుతుంది. పర్మిట్ ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం తరఫున విద్యుత్ తనిఖీ శాఖ. మొదటిది చేతికి వచ్చాక రెండోదానికి దరఖాస్తు చేసుకోవాలన్న సంగతి తెలియక ఎందరో సర్టిఫికెట్‌తోనే ఆగిపోతున్నారు.

పదో తరగతి పాసైనవారు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరవచ్చు. రెండేళ్ల శిక్షణ. ఎనిమిదో తరగతి పాసైనవారికి వైర్‌మన్ ట్రేడు ఉంది. అదీ రెండేళ్లే. ఈ సంగతి పల్లెల్లో చాలామందికి తెలియదు. పది తప్పాడు, ఇక వీడికి చదువు లేదని కూలికి పంపే తల్లిదండ్రులు ఒక్కసారి దగ్గరలోని ఐ.టి.ఐ. గడప తొక్కి అడగాలి. ఇంటర్మీడియట్‌లో ఎలక్ట్రికల్ ఒకేషనల్ కోర్సు మరొక దారి.

ఐ.టి.ఐ. తరువాత అప్రెంటిస్‌షిప్ ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం కర్మాగారాలు, రైల్వేలు, విద్యుత్ సంస్థలు శిక్షణార్థులను తీసుకుని, స్టైపెండు ఇచ్చి నేర్పాలి. చివర్లో పరీక్ష నెగ్గినవారికి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. గుంతకల్లు మన పక్కనే ఉంది. తాడిపత్రిలో సిమెంటు, ఉక్కు కర్మాగారాలున్నాయి. ఐ.టి.ఐ.లో చేతికి రాని ధైర్యం ఆ ఒక్క ఏడాదిలో వస్తుంది. సర్టిఫికెట్ రాగానే ఉద్యోగం రాలేదని ఇంట్లో కూర్చునే కుర్రవాళ్లు ఈ ఏడాదిని వదులుకోరాదు.

ఇక మేస్త్రీ వెనుక నేర్చుకున్నవారి మాట. వారికి దారి మూసుకుపోలేదు. పని అనుభవం ఉన్నవారిని ప్రైవేటు అభ్యర్థులుగా అఖిల భారత ట్రేడ్ పరీక్షకు అనుమతించే ఏర్పాటు ఉంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ముందే నేర్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి పెట్టారు. అది పర్మిట్ కాదు గాని, కాగితమే లేనివాడికి తొలిమెట్టు అవుతుంది.

పర్మిట్‌తో కథ ముగియదు. వైర్‌మన్‌గా అనుభవం గడించినవాడు సూపర్‌వైజరు అర్హత పత్రానికి పోవచ్చు. ఐ.టి.ఐ. చదివినవారు బ్రిడ్జి కోర్సు చేసి, ప్రవేశ పరీక్ష నెగ్గి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లొమా చేతికి వస్తే ఆ మెట్టు మరింత సులువవుతుంది. ఆ పైన కాంట్రాక్టరు లైసెన్సు. ఈనాడు ఇతరుల సంతకానికి డబ్బు కడుతున్న కుర్రవాడు పదేళ్లలో తానే సంతకం పెట్టగలడు. ఆ సంతకాన్ని అప్పుడు అద్దెకు ఇవ్వకుండా ఉంటే చాలు.

కాగితం లేక పోయిన అవకాశాలు

కాగితం ఎందుకని అడిగేవారు 2019ని గుర్తు చేసుకోవాలి. ఆ సంవత్సరం ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్ల నియామకాలు జరిగాయి. ఐ.టి.ఐ. ఎలక్ట్రికల్, వైర్‌మన్ ట్రేడులు చదివినవారిని, ఇంటర్ ఒకేషనల్ చేసినవారిని పిలిచారు. స్తంభమెక్కే పరీక్ష పెట్టారు. పదేళ్లుగా స్తంభాలెక్కుతున్న ఊరి కుర్రవాడు ఆ పరీక్షలో అందరికంటే ముందు పైకి చేరి ఉండేవాడేమో. కాని సర్టిఫికెట్ లేనందున దరఖాస్తే పెట్టలేకపోయాడు. ఇటువంటి అవకాశం మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అదే జరగరాదు.

పని కూడా మారుతున్నది. రామగిరి కొండల మీద గాలిమరలు లేచినప్పుడు మన వారు కింద నిలబడి చూశారు. ఉరవకొండ వైపు మరలు లేచాయి, తాడిపత్రి దగ్గర, ఎన్.పి.కుంటలో సౌర విద్యుత్ పలకలు పరుచుకున్నాయి. 2024లో కేంద్రం ఇళ్ల పైకప్పుల మీద సౌర పలకలు పెట్టుకునే పథకం, పి.ఎం. సూర్య ఘర్, ప్రారంభించింది. ఎండకు కొదవలేని జిల్లా మనది. ఈ పలకల నుంచి వచ్చేది డి.సి. కరెంటు. మెయిన్ స్విచ్చి ఆపినా ఎండ ఉన్నంతసేపూ పలకల తీగల్లో వోల్టేజి ఉంటుంది. తీగ వదులైతే లేచే నిప్పురవ్వ ఏ.సి.లో మాదిరి తనంతట తాను త్వరగా ఆరదు. పాత అలవాటుతో ఈ పని చేస్తే ఇళ్లు కాలతాయి. నేర్చుకున్నవారికి మాత్రం ఇది సొంత ఊళ్లోనే దొరికే పని. మనవాళ్లు నేర్చుకోకపోతే ఆ కూలి బయటి ఊళ్లవారికి పోతుంది.

ఆడపిల్లలకు ఈ విద్య తగదన్న మాట కూడా చెల్లదు. తెలంగాణలో ఒక ఆడపిల్ల హైకోర్టు దాకా వెళ్లి అనుమతి తెచ్చుకుని, స్తంభమెక్కే పరీక్ష నెగ్గి, 2022లో లైన్‌మన్ ఉద్యోగంలో చేరింది. మన ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరే అమ్మాయిలను నిరుత్సాహపరచరాదు.

అధికారులు చేయవలసినవి

నింద అంతా కుర్రవాళ్ల మీద వేసి ఊరుకుంటే న్యాయం కాదు. ప్రభుత్వం చేయవలసినవి ఉన్నాయి.

మొదటిది, పర్మిట్ పరీక్షలు ఏటా ముందుగా చెప్పిన తేదీల్లో జిల్లా కేంద్రంలోనే జరగాలి. తెలుగులో జరగాలి. రాత కంటే చేతి పనికి, కొలతకు ఎక్కువ మార్కులుండాలి. వేరుశనగ కోతల్లో కూలి మానుకుని దూరపు ఊళ్లకు రెండుసార్లు తిరగమంటే పల్లెటూరి ఎలక్ట్రీషియన్ రాడు. దరఖాస్తు నమూనా, రుసుము, కావలసిన పత్రాల జాబితా గ్రామ సచివాలయం గోడమీద తెలుగులో అంటించాలి. ఇందుకు ఖర్చు కూడా లేదు.

రెండోది, ఐ.టి.ఐ.లు పనిని గోడల మధ్యనే ఉంచరాదు. రెండో సంవత్సరం విద్యార్థులను ఉపాధ్యాయుల వెంట ఊళ్లకు పంపి ఇళ్లలో ఎర్తు కొలిపించాలి, మెగ్గరుతో వైరింగు పరీక్షింపజేయాలి. ఊరికి మేలు, విద్యార్థికి చేతి అనుభవం. సర్టిఫికెట్ ఉన్నా పని రాదన్న మాట అప్పుడే తొలగుతుంది.

మూడోది, మేస్త్రీల దగ్గర నేర్చిన వారికి ఐ.టి.ఐ.లో సాయంత్రపు తరగతులు పెట్టాలి. వారికి ప్లయరు పట్టుకోవడం నేర్పనక్కరలేదు. ఎర్తు, కొలత, భద్రత, నిబంధనలు, షాకు తగిలినవాడికి కృత్రిమ శ్వాస ఇవ్వడం, ఇవి నేర్పితే చాలు. కొన్ని వారాల్లో అయ్యే పని.

నాలుగోది, చూడని పనికి సంతకం పెట్టిన కాంట్రాక్టరు మీద చర్య ఉండాలి. ఏడాదికి కొన్ని కొత్త ఇళ్లనైనా ఇన్‌స్పెక్టరు కార్యాలయం ముందు చెప్పకుండా తనిఖీ చేస్తే సంతకాల అద్దె తగ్గుతుంది.

ఐదోది, అన్నిటికంటే ముఖ్యమైనది. విద్యుత్ సంస్థ తన పనికి తన సిబ్బందినే పంపాలి. చాలకపోతే నియమించుకోవాలి. పేరూ ఊరూ రికార్డులో లేని కుర్రవాడిని స్తంభమెక్కించడం వెంటనే ఆగాలి. అరిగిన ఎ.బి. స్విచ్చిలు మార్చాలి.

ఇంటి యజమాని, రైతు అడగవలసినవి

కొత్తిల్లు కట్టేవారు తలుపుల చెక్కకు, గచ్చు రాళ్లకు బేరాలాడి మంచివి తెస్తారు. వైరింగు దగ్గరకు వచ్చేసరికి ఎవడు తక్కువకు చేస్తే వాడికి ఇస్తారు. గోడలో పోయే తీగ కనిపించదు గనుక నాసిరకం తీగతో సరిపెడతారు. ఇల్లు కట్టేది ఒక్కసారి. ఆ తీగల మధ్యనే పిల్లలు పెరగాలి.

పని అప్పగించే ముందు మూడు మాటలు అడగండి. నీకు పర్మిట్ ఉందా, లేకపోతే పర్మిట్ ఉన్నవాడు ఎవరు దగ్గరుండి చేయిస్తాడు? ఎర్తు గుంత ఎక్కడ తీస్తావు, ఎలా కొలిచి చూపిస్తావు? ఆర్.సి.సి.బి. పెడుతున్నావా? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవాడికి నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. తీగలు, స్విచ్చిలు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నవే కొనండి. పని అయ్యాక టెస్టు రిపోర్టు మీద సంతకం పెట్టే కాంట్రాక్టరు మీ గడపలోకి వచ్చి చూశాడో లేదో మీకే తెలుస్తుంది. రాకపోతే అడగండి. ఆ సంతకానికి డబ్బు ఇస్తున్నది మీరే.

రైతులకు ఒక్క మాట. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోతే ఊరి కుర్రవాడిని పిలవకండి. మీరూ ఎక్కకండి. సబ్‌స్టేషనుకు ఫోను చేయండి, రాకపోతే పదిమంది కలిసి వెళ్లి అడగండి, రాసి ఇవ్వండి. ఒక తడి ఆలస్యమైతే పైరు వాడుతుంది. మరుసటి తడికి తేరుకోవచ్చు. పోయిన మనిషి తేరుకోడు. బోరు దగ్గర స్టార్టరు డబ్బాకు మంచి ఎర్తు వేయించి, వేసవిలో వారానికో రెండు బిందెల నీళ్లు ఆ గుంతలో పోయండి. తోటంతా తడిపే బోరుకు రెండు బిందెలు లెక్క కాదు.

ఊళ్లోని ఎలక్ట్రీషియన్ సోదరులకు చెప్పేది ఒక్కటే. మీకు పని వచ్చునని ఊరికి తెలుసు. ఆ సంగతి ప్రభుత్వ రికార్డులో కూడా ఉండాలి. రేపు మీకు దెబ్బ తగిలితే మీ ఇంటివారి చేతిలో ఒక ఆధారం ఉండాలి. రేపు ఉద్యోగ ప్రకటన వస్తే మీ పేరుతో ఒక దరఖాస్తు వెళ్లాలి. పనిలేని ఒక రోజు చూసుకుని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు కార్యాలయానికి వెళ్లండి. దరఖాస్తు అడగండి. ఒకరు వెళితే రేపు రమ్మంటారు. మండలంలోని పదిమంది కలిసి వెళితే కూర్చోబెట్టి చెబుతారు.

పల్లెకు కరెంటు తేవడానికి ప్రభుత్వాలు ఎంతో ఖర్చు చేశాయి. స్తంభాలు పాతారు, లైన్లు లాగారు, 2004 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచితంగా ఇస్తున్నారు. ఆ కరెంటును ఇంటింటికీ, బోరు బోరుకూ చేరుస్తున్న చేతులకు మాత్రం ఒక పర్మిట్ ఇప్పించలేకపోతున్నాం. ఆ చేతులకు విద్య ఉంది, ధైర్యం ఉంది. గుర్తింపు ఇవ్వడం మన బాధ్యత. జిల్లా కలెక్టరు, విద్యుత్ తనిఖీ శాఖ, ఉపాధి శిక్షణ శాఖ అధికారులు ఒకచోట కూర్చుని, వచ్చే వేసవిలోగా మండలాలవారీగా పర్మిట్ లేని ఎలక్ట్రీషియన్ల జాబితా తయారు చేయించి, వారిని పరీక్షకు సిద్ధం చేసే ఏర్పాటు చేయాలి.